ఏడో తరగతి సమీకరణాలు అగ్గిపెట్టెలతో చెప్పాలంటే?

ప్రశ్న
నమస్తే. తరగతిలో 40 మంది, పీరియడ్ 45 నిమిషాలు. టైపు చేయడానికి వీలుగా ఎక్స్ బదులు 'క' రాస్తున్నాను. 2క + 3 = 11 ఇస్తే చాలామంది 2క = 11 + 3 అని రాసేస్తున్నారు. "అవతలికి పోతే గుర్తు మారుతుంది" అని గడగడా ఒప్పజెబుతారు, ఎందుకు మారుతుందంటే మాత్రం నోరు మెదపరు. అగ్గిపెట్టెలు, తక్కెడతో చెప్తే పట్టుబడుతుందని విన్నాను. ఏమేం కావాలి, ఎక్కడ తేడా కొడుతుంది? ఖర్చు పెద్దగా ఉండకూడదు.

జవాబు 1
మేడమ్, ముందే తక్కెడ జోలికి పోకండి. చింతగింజలన్నీ ఒకే బరువుండవు, అగ్గిపెట్టెకీ సొంత బరువుంటుంది. లెక్క సరిగ్గా ఉన్నా ముల్లు మధ్యకి రాదు, పిల్లలు లెక్కనే అనుమానిస్తారు. తక్కెడ కావాల్సిందే అంటే ఒకే రకం రూపాయి నాణేలు వాడండి (పాతవీ కొత్తవీ కలిస్తే బరువు మారుతుంది), ఎడమన ఎన్ని పెట్టెలుంటే కుడిన అన్ని ఖాళీ పెట్టెలు వేయండి.

నిజానికి బల్ల మీద సుద్దముక్కతో నిలువు గీత గీస్తే చాలు. ఐదుగురికో జట్టు. జట్టుకి 4 ఖాళీ అగ్గిపెట్టెలు, 40 చింతగింజలు. మీరే ముందుగా రెండు పెట్టెల్లో నాలుగేసి గింజలు వేసి మూసి ఉంచండి. ఎడమన ఆ రెండు పెట్టెలు, విడిగా 3 గింజలు. కుడిన 11. "రెండు వైపులా గింజలు సమానం. పెట్టె తెరవకుండా లోపల ఎన్నో చెప్పాలి" అనండి. ఎడమ నుంచి 3 తీస్తే కుడి నుంచీ 3 తీయాలి: 2క = 8. కుడి కుప్పని రెండు సమాన వాటాలు చేసి ఒక్కో పెట్టె ఎదురుగా ఒక్కోటి పెడితే క = 4. పెట్టె తెరిచేది అప్పుడే.

అసలు కిటుకు రాతలో ఉంది. గింజ కదిలిన ప్రతిసారీ జట్టులో ఒకరు ఒక వరస రాయాలి: 2క + 3 − 3 = 11 − 3. ఆటంతా అయ్యాక రాయిస్తే గింజలు ఓ పక్క, లెక్క ఓ పక్క ఉండిపోతాయి. 11 + 3 రాసిన పిల్లాణ్ని ఆ వరసే గింజలతో చేయమనండి. ఎడమ నుంచి 3 తీసి, కుడికి 3 చేరుస్తాడు. పెట్టెలు తెరిస్తే ఇటు 8, అటు 14. తప్పు వాడి కంటికే కనిపిస్తుంది.

కొందరు పెట్టె ఊపి చప్పుడుతో లెక్కగడతారు. లోపల కాస్త దూది కుక్కండి.

జవాబు 2
పెట్టె మీద 'పె' అని మాత్రం రాయకండి. 2పె అంటే రెండు పెట్టెలు అనుకుంటారు, ఆ పొరపాటు పదో తరగతి దాకా వదలదు. అక్షరం గింజల సంఖ్యకి గుర్తు. భాస్కరుడి బీజగణితంలో తెలియని రాశులకి యా, కా, నీ అని రాసేవారు. కా, నీ అంటే కాలక, నీలక అనే రంగుల పేర్ల మొదటి అక్షరాలు. పిల్లలకి ఇది చెప్పండి, ఇష్టంగా వింటారు.

మొదటి లెక్కని ఊహించి కూడా చెప్పేయొచ్చు. రెండో రోజు 3క + 2 = క + 10 ఇవ్వండి. రెండు వైపుల నుంచీ ఒక్కో పెట్టె తీసేయాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

ఆ తర్వాత తుమ్మెదల పొడుపు లెక్క. పువ్వుకో తుమ్మెద వాలితే ఒక తుమ్మెద మిగిలింది, పువ్వుకి రెండేసి వాలితే ఒక పువ్వు మిగిలింది. పూలు 'క' అయితే తుమ్మెదలు క + 1, ఇంకో లెక్కన 2(క − 1). ఎక్కువమంది 2క − 1 రాస్తారు. కొట్టేయకుండా సాధించనివ్వండి: పూలు 2, తుమ్మెదలు 3 వస్తాయి. బొమ్మ గీయిస్తే ఒక పువ్వు ఖాళీగా వదిలాక మూడో తుమ్మెదకి చోటుండదు. బ్రాకెట్ ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. సరైన జవాబు 3 పూలు, 4 తుమ్మెదలు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి 2క − 5 = 7 ఉంటే? పెట్టెలోంచి గింజలు తీసినట్టు చూపించాలా?

జవాబు 1
వద్దండి, పెట్టెలు అక్కడ పనికిరావు. పాత అట్టపెట్టెలు కోసి 2 సెం.మీ. చదరాలు చేయండి: నీలం +1, ఎరుపు −1. ఒక నీలం, ఒక ఎరుపు జతపడితే సున్నా. ఎడమన 2 'క' పట్టీలు, 5 ఎరుపులు. కుడిన 7 నీలాలు. రెండు వైపులా ఐదేసి నీలాలు చేర్చితే ఎడమన ఐదు జతలూ రద్దవుతాయి, 2క = 12. పట్టీ వెడల్పు 2, పొడవు 8.7 సెం.మీ. ఉండాలి. 8 పెడితే పక్కన నాలుగు చదరాలు పేర్చి "క = 4" అనేస్తారు.