కొత్తగా నేర్చుకునేవాళ్లకు ముందు పెన్ టూలా, జెనరేటివ్ ఫిల్లా?

పాలమూరు_ఆల్బమ్:
మహబూబ్‌నగర్‌లో మా స్టూడియోకి ఇద్దరు పిల్లలు పెళ్లి ఆల్బమ్ డిజైనింగ్ నేర్చుకోవడానికి వస్తున్నారు. ఫోటోషాప్‌లో ముందు పెన్ టూల్ (అంచు వెంట చేత్తో గీత గీసి బొమ్మను వేరుచేసేది), లేయర్ మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని చెరపకుండా దాచేది) నేర్పాలని నేనంటున్నా. మా పార్ట్‌నర్ ఏమో ఎంచుకున్న చోటును ఏఐతో నింపే జెనరేటివ్ ఫిల్ చూపించి పనిలో కూర్చోబెట్టు, మిగతావి ఇప్పుడెవరికి కావాలి అంటున్నాడు. మీరేమంటారు?

నకిరేకల్_పోరడు:
మీ పార్ట్‌నర్ మాటే కరెక్ట్ అన్నా. 2018లో ఒక్క నొక్కుతో ఫోటోలోని మనిషిని ఎంచుకునే సెలెక్ట్ సబ్జెక్ట్ వచ్చినప్పుడే కటింగ్ పని చాలా తగ్గింది, 2023లో జెనరేటివ్ ఫిల్ వచ్చాక ఇంకా తేలికైంది. మూఢం పోయి ముహూర్తాలు మొదలైతే స్టూడియోల్లో ఎంత పని పేరుకుపోతుందో మీకు తెలుసు. మండపం పక్కన కూలర్, నీళ్ల క్యాన్లు, అడ్డం వచ్చిన లైట్ స్టాండు, వాటి చుట్టూ లాసో గీసి, బాక్స్‌లో ఏమీ రాయకుండా జెనరేట్ కొడితే పోతాయి. దీనికి కూడా పక్క చోటును కాపీ చేసి అద్దే క్లోన్ స్టాంప్ పట్టించి కూర్చోబెడితే పిల్లలు పని మానేసి పోతారు.

గద్వాల_అంచు:
కూలర్ వరకు ఒప్పుకుంటా, చీర దగ్గరికి రండి. మాది చీరల ఫోటోల పని. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు నేతలోనే కలుస్తుంది, తెలిసినవాళ్లు జూమ్ చేసి చూసేది ఆ కలిసే చోటునే. మడత సరిచేద్దామని అక్కడ ఫిల్ కొడితే ఆ గీత పోతుంది, అసలు లేని బుటా ఒకటి వచ్చి కూర్చుంటుంది. పోచంపల్లి ఇక్కత్‌కైతే నూలుకే ముందు కట్లు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు, అందుకే డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. ఏఐ వాటిని సాఫు చేసి ప్రింట్ చీర లెక్క చేసి పెడుతుంది. పార్సిల్ విప్పినామె ఇది ఫోటోలో చూసిన చీర కాదంటే పేరు పోయేది నేసినాయనది. మేం అంచు వెంట పెన్ టూల్‌తో పాత్ గీస్తాం, రంగు కర్వ్స్‌లో సరిచేస్తాం, నేత మీద మాత్రం చెయ్యి పెట్టం.

మిర్యాలగూడ_ప్రింట్:
సైజు సంగతి ఎవరూ ఎత్తలేదు. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే పొడవు 10,800, ఎత్తు 3,600 పిక్సెల్స్. జెనరేటివ్ ఫిల్ వచ్చిన కొత్తలో ఒక్కసారికి 1024 పిక్సెల్స్ ముక్కే తయారుచేసేది, ప్రింట్‌లో అది మూడున్నర అంగుళాలు కూడా రాదు. అంతకన్నా పెద్ద చోటు సెలెక్ట్ చేస్తే దాన్నే సాగదీసి నింపేది. తర్వాత మెరుగైంది కానీ, పూరించిన చోటును 100 శాతం జూమ్‌లో పెట్టి పక్కనున్న గ్రెయిన్‌తో (ఫోటోలోని సన్నటి నలుసులతో) పోల్చి చూడటం పిల్లలకు మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. ఫోన్‌లో బాగున్నదే షీటు మీద మసకగా వస్తుంది.

పాలమూరు_ఆల్బమ్:
నా భయం ముఖాల గురించి. దశదినకర్మకు ఫ్రేమ్ కట్టించాలని ఆధార్ కార్డులోనో పాత పాస్‌బుక్కులోనో ఉన్న బొమ్మ పట్టుకొస్తారు, చాలా ఇళ్లల్లో అంతకు మించి ఫోటో ఉండదు. మొన్న ఒక పెద్దాయన ఫోటోను మా పిల్లగాడు ఏఐతో పెద్దది చేశాడు. కళ్లు మెరుస్తున్నాయి, చర్మం నున్నగా ఉంది. వాళ్ల బిడ్డ చూసి "మా నాయిన ఇట్ల ఉండడు" అని ఏడ్చింది. ఎడమ కనుబొమ్మ మీద గాటు పోయింది, మూతి పక్కన ముడతలు పోయినయ్. అసలు స్కాన్‌ను పైన లేయర్‌గా పెట్టి, నల్ల మాస్క్ వేసి, తెల్ల బ్రష్‌తో ఆ కనుబొమ్మ, ఆ ముడతలు మెల్లగా వెనక్కి తెచ్చాం. మాస్క్ అంటే ఏందో తెలియని పిల్లగాడు ఇది ఎట్లా చేస్తాడు తమ్ముడూ?

నకిరేకల్_పోరడు:
మాస్క్ విషయంలో మీ మాటే నా మాట అన్నా. జెనరేటివ్ ఫిల్ ఇచ్చేది కూడా మాస్క్ ఉన్న లేయరే, మరి మొదటి పాఠం అక్కడే పెట్టొచ్చు కదా. కూలర్ తీయించండి, వెంటనే ఆ మాస్క్ మీద నల్ల బ్రష్ ఇచ్చి కూలర్‌ను సగం వెనక్కి తెప్పించండి, పిల్లలకు రెండూ ఒకేసారి అర్థమవుతాయి. పెన్ టూల్‌తో మొదలుపెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను, అది చీరల పని వచ్చినప్పుడు నేర్పండి.

గద్వాల_అంచు:
నెట్ పోతే జెనరేట్ బటన్ పనిచేయదు, ఆ రోజు కూడా పెళ్లివాళ్లు ఆల్బమ్ అడుగుతారు. ఇంకోటి, పిల్లల ఇళ్లల్లో ఫోటోషాప్‌కు నెలనెలా ఎవరు కడతారు? 2025లో వచ్చిన గింప్ 3.0, ఫోటోషాప్ లాంటి సాఫ్ట్‌వేరే, ఉచితమే, మాస్కులు, పాత్‌లు, కర్వ్స్ అన్నీ ఉన్నాయి. అది వేసివ్వండి, ఇంటి దగ్గర చేతులు తిరుగుతాయి.