రూటర్, సెట్‌టాప్ బాక్సు లైట్లు రాత్రి కండ్లల్ల కొడుతున్నయ్, ఏం చేయాలె?

దేవరకొండ నుంచి:
అందరం హాల్లోనే పడుకుంటం. ఫైబర్ రూటర్ మీద నీలం లైట్లు మిణుకుమంటయ్, సెట్‌టాప్ బాక్సుకు ఎర్రది, ఇన్వర్టర్‌కు పచ్చది. సెట్‌టాప్ బాక్సుకు నల్ల టేపు అతికిస్తే రిమోట్ పనిచేస్తలేదు. రూటర్ రాత్రి బంద్ చేయలేం. దారి చెప్పండన్నా.

మిర్యాలగూడ నుంచి:
రిమోట్ సిగ్నల్ అందుకునే కన్ను, లైటు రెండూ ఒకే నల్ల అద్దం వెనక పక్కపక్కనే ఉంటయ్. టేపు ఆ కన్నును గూడ మూసింది. టేపు పీకి, గది చీకటి చేసి, లైటు సరిగ్గ ఏడ వెలుగుతుందో గుర్తు పెట్టండి. స్టిక్కర్ల వెనక ఉండే నున్నటి కాగితం మీద టేపు అతికించి, పేపర్ పంచింగ్ మిషన్‌తో కొట్టండి. చిన్న గుండ్రటి బిళ్ల వస్తది, మిషన్‌కు జిగురు అంటదు. ఆ బిళ్లను లైటు మీదనే పెట్టండి. రిమోట్ ఇంకా మొండికేస్తే కొంచెం పక్కకు జరపండి.

మహబూబ్‌నగర్ నుంచి:
రూటర్‌కు మాత్రం నల్ల టేపు వద్దు. ఎండాకాలం 43, 44 డిగ్రీలుంటది, దానికి రూటర్ వేడి తోడైతే జిగురు కరిగి టేపు జారుతది, జారినకాడల్లా దుమ్ము పట్టి నల్లగైతది. మెడికల్ షాపుల దొరికే తెల్ల పేపర్ ప్లాస్టర్, అర ఇంచుది తెచ్చుకోండి. ఒక పొర వేసి చూసి, చాలకపోతే రెండోది, మూడోది. లైటు పూర్తిగ పోకుండ మసకగ కనిపిస్తది, అట్లనే ఉండాలె. ఎల్‌ఓఎస్ (ఫైబర్ సిగ్నల్ రాకుంటే వెలిగే లైటు) ఎర్రగ వెలిగితే ఫైబర్ వైరు తెగిందో, మడతపడిందో తెల్వాలె గద. గాలి రంధ్రాల మీద మాత్రం అతికించొద్దు. టేపు కన్నా ముందు రూటర్ సెట్టింగ్స్ చూడండి, కొన్నిట్ల లైట్లు బంద్ చేసే ఆప్షన్ ఉంటది.
పాత జిగురుకు కొబ్బరినూనె బట్టకు అద్ది రుద్ది, పది నిమిషాలాగి తుడవండి. గోర్ల రంగు తీసే రిమూవర్, థిన్నర్ తగిలితే ప్లాస్టిక్ కరిగి మచ్చపడతది.

నాగర్‌కర్నూల్ నుంచి:
ఇన్వర్టర్ మీద బట్ట కప్పొద్దు, ఫ్యాన్‌కు గాలి ఆడక లోపల వేడెక్కుతది. ఓవర్‌లోడ్, బ్యాటరీ లో లైట్లు అసలే మూయొద్దు. పచ్చదానికి ఒక్కదానికే ప్లాస్టర్ వేయండి, లేకుంటే అట్టముక్క జానెడు దూరంల అడ్డం నిలబెట్టండి.
సోల్డరింగ్ వచ్చినోళ్లు, లైటు మసకయ్యేటట్టు దానికి పోయే కరెంటును తగ్గించే రెసిస్టర్ మార్చొచ్చు. నీలం ఎల్‌ఈడీ 3 వోల్టుల దాకా తీసుకుంటది. 5 వోల్టుల సప్లై మీద 1 కె (వెయ్యి ఓమ్‌ల) రెసిస్టర్ ఉంటే 2 మిల్లీఆంపులు పోతది, 10 కె వేస్తే 0.2. అయినా చీకట్ల బాగనే కనపడతది. వారంటీల ఉన్నదాన్ని మాత్రం విప్పొద్దు.

దేవరకొండ నుంచి:
స్విచ్‌బోర్డు ఎర్ర ఇండికేటర్‌కు గూడ ప్లాస్టరేనా?

నాగర్‌కర్నూల్ నుంచి:
ఆ, పైనుంచే అతికించండి. అది నియాన్ బల్బయినా, ఎల్‌ఈడీ అయినా 230 వోల్టుల లైను మీదనే ఉంటది, బోర్డు విప్పి లోపల చెయ్యి పెట్టొద్దు.