సమస్య: ఓడినట్టివాఁడె గెలిచి యొప్పె నౌర!

పృచ్ఛకుడు:
ఈ వారం తేటగీతి పాదం. విషయం అమెరికా సెనేటు ప్రైమరీలు. మన దగ్గర బీ-ఫారం ఎవరికన్నది పార్టీ పెద్దలు తేలుస్తారు; అక్కడ ఆ పని ఓటర్లది. జరిగిన ఎన్నిక మీదే పూరించండి, కల్పన వద్దు. అభ్యర్థిని పార్టీ ఎలా తూచిందో, రాష్ట్రం ఎలా తూచిందో రెండూ కనబడాలి.

కొబ్బరాకు:
కనెక్టికట్‌లో ఉంటాను కాబట్టి 2006 నాటి మా డెమోక్రాట్ సెనేటర్ జోసెఫ్ లీబర్మన్‌నే తీసుకున్నాను.

పార్టి తూఁకాన తేలికై పడిన పిదప
సొంత పేరిట నిలిచి యా జోసెఫపుడు
బరువు తేలెను జనమెల్ల వచ్చి తూఁచ
ఓడినట్టివాఁడె గెలిచి యొప్పె నౌర!

పృచ్ఛకుడు:
మూడో పాదం చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. ఆగస్టులో తూచింది డెమోక్రాట్లుగా నమోదైనవాళ్లు మాత్రమే. ఇరాక్ యుద్ధాన్ని సమర్థించాడన్న కోపంతో నెడ్ లామాంట్‌కు టికెట్టిచ్చారు. నవంబరులో రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందనివాళ్లు కూడా వచ్చి తూచారు. 'జనమెల్ల' అన్న ఒక్క మాటలో అదంతా ఇమిడింది.
ఒక సవరణ. తూఁచన్ + ఓడిన కాబట్టి 'తూఁచ / నోడినట్టి' అని రాయాలి. ద్రుతం వచ్చి చేరినా ఓకారానికి ఒకారంతో యతి చెల్లుతుంది.

పిల్లగాలి:
నాకు 'తేలికై' దగ్గర పేచీ ఉందండీ. ఆ ప్రైమరీలో ఆయనకు దాదాపు 48 శాతం వచ్చాయి, లామాంట్‌కు 52. అది తేలిపోవడం కాదు. 'రవ్వంత పడిన పిదప' అంటే గణమూ యతీ చెడవు, నిజమూ నిలుస్తుంది.

కొబ్బరాకు:
నిజమే, పిల్లగాలి గారూ. కానీ 'తేలిక' తీసేస్తే కింద 'బరువు'కు జోడు పోతుంది. రాత్రంతా ఆలోచించాను, వదులుకోబుద్ధి కాలేదు.

పృచ్ఛకుడు:
నా ఓటు 'రవ్వంత'కే. ఒక మనిషిని తూచే పద్యం మొదట తన తూకం సరిచూసుకోవాలి.

పిల్లగాలి:
నా పూరణ. అలాస్కా, 2010. లీసా మర్కౌస్కీ రిపబ్లికన్ ప్రైమరీలో జో మిల్లర్ చేతిలో సుమారు 2,000 ఓట్లతో ఓడారు. బ్యాలెట్‌లో పేరు లేదు, ఓటరే రాయాలి. పేరు అక్షరాలు తప్పకుండా చేతికి కట్టుకునే పట్టీల మీద అచ్చేసి పంచారు.

పేరు చీటిపై వ్రాసిరి పెక్కుమంది
లీస యంచు నలాస్కలో, లెక్కపెట్ట
మిల్లరో పార్టి మెచ్చిన మేటి, కాని
యోడినట్టివాఁడె, గెలిచి యొప్పె నౌర!

పృచ్ఛకుడు:
శభాష్, అమ్మా! ఆడమనిషి గెలుపును 'వాఁడె' ఉన్న పాదంలోకి ఎలా తెస్తారా అనుకున్నాను. పాదాన్ని నడిమికి విరిచారు. ఓడినవాడు మిల్లరు, గెలిచింది లీస. 'గెలిచి యొప్పె' ఇద్దరికీ సరిపోయే క్రియ కావడం మన భాష చేసిన మేలు. లక్ష మందికి పైగా ఆ పేరు రాశారు. అక్షరం తప్పిన చీటీల మీద మిల్లర్ కోర్టుకెక్కితే, ఓటరు ఉద్దేశమే ముఖ్యమని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. 1954లో దక్షిణ కరొలినాలో స్ట్రామ్ థర్మండ్ తర్వాత ఇలా సెనేటుకు గెలిచింది ఈవిడే.

తొలకరి:
మాస్టారూ, నాది మూడో ప్రయత్నం. ఇండియానా, 2012, రిచర్డ్ లూగర్.

ఆఱు మార్లు గెలిచినట్టి యనుభవజ్ఞు
లూగరును పార్టి కాదన లోకమెల్ల
మనసులో నిల్పె నాతని మాటలన్ని
యోడినట్టివాఁడె గెలిచి యొప్పె నౌర!

పృచ్ఛకుడు:
గణాలు, యతులు సరిపోయాయి బాబూ, చేయి తిరుగుతోంది. కానీ మనసులు గెలిచాడనడం పద్యాన్ని దాటవేయడమే. లూగర్ మళ్లీ సెనేటుకు రాలేదు. ఆయన్ని ఓడించి టికెట్టు తెచ్చుకున్న రిచర్డ్ మౌర్డాక్ నవంబరులో డెమోక్రాట్ జో డానెలీకి సీటు పోగొట్టాడు. అసలు కథ అది. పిల్లగాలి గారి విరుపు చూసి మళ్లీ రాయి.

తొలకరి:
ఆఱు మార్లు గెలిచినట్టి యనుభవజ్ఞు
లూగరును పార్టి కాదన లోటు దెలిసె;
డానెలీకిని మౌర్డాకు ఠావు దప్పి
యోడినట్టివాఁడె, గెలిచి యొప్పె నౌర!

పిల్లగాలి:
'ఠావు దప్పి' ఎంత బాగా కుదిరిందో! అక్టోబరు చర్చలో అత్యాచారం గురించి నోరు జారినప్పుడే ఆయన ఠావు తప్పింది.

పృచ్ఛకుడు:
డ-ఠ మైత్రి కూడా చక్కగా కుదిరింది. ఇది ఉంచేయి తొలకరీ.