గ్యాస్ ఓవెన్‌లో కేకు అడుగు మాడుతోంది, పైన తెల్లగానే ఉంటోంది. ఎలా వాడాలి దీన్ని?

పటమట_వంటిల్లు:
అందరికీ నమస్తే. మాది విజయవాడ, పటమట. మా ఆడపడుచు వాళ్లు ఊరు మారుతూ వాళ్ల కుకింగ్ రేంజ్ మాకిచ్చి వెళ్లారు. పైన నాలుగు బర్నర్లు, కింద గ్యాస్ ఓవెను, ఆ ఓవెన్ లోపల కప్పుకి ఇంకో గ్రిల్ బర్నర్. మామూలు ఇంటి సిలిండర్‌తోనే నడుస్తుంది. కరెంటు ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న ఓవెన్) నాకు అలవాటే, అందులో కేకులూ బిస్కెట్లూ బాగానే వచ్చేవి. అదే కొలత, అదే టిన్ను, అదే టైముతో ఇందులో చేస్తే అడుగు నల్లగా అవుతోంది, పైన పాలిపోయినట్టు ఉంటోంది, పుల్ల గుచ్చితే మధ్యలో తడి. నాబ్ మీద 1 నుంచి 8 దాకా అంకెలే గానీ డిగ్రీలు లేవు, 4 అంటే 180 అని ఎవరో చెబితే అక్కడే పెడుతున్నా.

ఇంకో సంగతి, పండక్కి కోడిని మొత్తంగా రోస్ట్ చేయమని పిల్లలు గొడవ. పైన ఉన్న గ్రిల్‌ని ఎలా వాడాలో అసలు తెలీదు, తలుపు తీసి పెట్టాలా మూసా? మా అత్తయ్యగారికైతే దీన్ని వెలిగిస్తేనే టెన్షన్, ఒక్కోసారి వెలిగించేటప్పుడు భగ్గుమంటోంది మరి. సిలిండర్ కూడా తొందరగా అయిపోతుందని ఆవిడ దిగులు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట_బేకింగ్:
గుంటూరు నుంచి. నేను ఆర్డర్ల మీద ఇంట్లోనే కేకులు చేస్తాను, అదీ గ్యాస్ ఓవెన్‌లోనే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

ఓటీజీలో కిందా పైనా రాడ్లు ఉంటాయి. గ్యాస్ ఓవెన్‌లో బేకింగ్‌కి పనిచేసేది అడుగు రేకు కింద ఉన్న బర్నర్ ఒక్కటే. ఆ రేకు కాలి, దాని పక్కల సందుల్లోంచి వేడిగాలి పైకి లేచి, వెనక ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. దిబ్బ రొట్టెకి కింద నిప్పులు పెట్టి పైన మూత మీద నిప్పులు వేయడం మర్చిపోతే ఎలా ఉంటుందో మీ కేకు అలా ఉందన్నమాట. పై నిప్పులు మీకు లేవు, ఆ పని పైకి లేచిన వేడిగాలితోనే చేయించుకోవాలి. అంటే టిన్ను అడుగు జాలీ మీద కాదు, మధ్య జాలీ మీద, వీలైతే ఇంకో మెట్టు పైన. అడుగు ఇంకా మాడుతుంటే కింది జాలీ మీద ఒక ఖాళీ ట్రే పెట్టండి, అది అడ్డుపడి నేరుగా కొట్టే వేడిని ఆపుతుంది. కానీ ట్రే ఓవెన్ గోడలకి ఆనుకునేంత పెద్దది కాకూడదు, చుట్టూ రెండు వేళ్ల సందుండాలి, లేకపోతే గాలి పైకి రాదు. శుభ్రంగా ఉంటుందని కొందరు అడుగు రేకు మీద ఫాయిల్ పరుస్తారు, అది మాత్రం చేయొద్దు. సందులు మూసుకుపోతే వేడి తిరగదు, బర్నర్‌కి గాలి సరిగా అందక మంట కూడా పాడవుతుంది.

ఇక ఆ అంకెల సంగతి. బ్రిటన్ వాళ్ల గ్యాస్ మార్క్ లెక్కలో 1 అంటే 140, 4 అంటే 180, 6 అంటే 200, సుమారుగా. మీ నాబ్ ఆ లెక్కలోనే తయారైందని నమ్మకం ఏమీ లేదు, చాలా కంపెనీలు సొంత అంకెలు వేస్తాయి, పైగా వాడగా వాడగా థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే భాగం) తప్పుతుంది. లోపల జాలీకి తగిలించే ఓవెన్ థర్మామీటరు ఒకటి కొనండి, పెద్ద ఖరీదేం కాదు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది వచ్చేలోగా చిన్న పరీక్ష చేసుకోవచ్చు. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఓ చిన్న గిన్నెలో చెంచాడు పంచదార వేసి, మీరు 180 అనుకుంటున్న చోట నాబ్ పెట్టి పావుగంట ఉంచండి. కరిగిందంటే మీ 180 నిజానికి 186 పైనే ఉంది. కేకు అడుగు మాడే ఇళ్లలో ఎక్కువసార్లు కథ ఇదే.

ముందుగా వేడి చేయడం ఓటీజీలో పది నిమిషాలు చాలేమో గానీ ఇక్కడ ఇరవై ఇవ్వండి. గాలి తొందరగానే వేడెక్కుతుంది, గోడలూ అడుగు రేకూ నిలకడగా కాలడానికే టైం పడుతుంది. టిన్ను మెరిసే అల్యూమినియందైతే మంచిది, నల్ల నాన్‌స్టిక్ టిన్ను వేడిని ఎక్కువ లాక్కుని అడుగుని మాడుస్తుంది. గాజు గిన్నెలో చేస్తే ఓ 10, 15 డిగ్రీలు తగ్గించండి. సగం టైం దాటాక, కేకు పొంగి కాస్త గట్టిపడ్డాక, టిన్నుని ఒకసారి అటూ ఇటూ తిప్పండి, వెనకవైపు ఎప్పుడూ ఎక్కువ కాలుతుంది. అంతకంటే ముందు తలుపు తీస్తే మధ్యలో కుంగిపోతుంది.

పైన తెల్లగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. గ్యాస్ కాలితే నీటి ఆవిరి వస్తుంది, కిలో ఎల్‌పీజీ కాలితే కిలోన్నర పైనే నీరు. దాంట్లో చాలా భాగం వెనక రంధ్రాల్లోంచి పోయినా కరెంటు ఓవెన్‌తో పోలిస్తే లోపల తేమ ఎక్కువే. కేకుకి, బ్రెడ్డుకి ఇది మేలు, ఎండిపోవు. బిస్కెట్లకే చిరాకు, కరకరలాడవు. బిస్కెట్లు చివరి ఐదు నిమిషాలు పై జాలీకి మార్చండి, దించాక వెంటనే డబ్బాలో పెట్టకుండా జాలీ మీద ఆరనివ్వండి. అసలు మే నెలలో బిస్కెట్ల జోలికి పోవద్దు, మన ఎండలకి పిండి ఒత్తేలోపే వెన్న కరిగి చేతికి అంటుకుంటుంది.

ఓటీజీ_చాలు:
ఇంత కష్టం ఎందుకండీ. ఓటీజీ ప్లగ్ పెట్టి, 180 తిప్పి, టీవీ చూసుకోవచ్చు. ఆ రేంజ్ ఎవరికైనా ఇచ్చేయండి.

బ్రాడీపేట_బేకింగ్:
మీకు ఇంట్లో ఇద్దరే అయితే అదే చేయండి. నాకు కేజీన్నర టిన్నులు రెండు ఒకేసారి పట్టాలి, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయినా ఆర్డర్ ఆగకూడదు. ఓటీజీ 1500 నుంచి 2000 వాట్లు లాగుతుంది, మామూలు ఇన్వర్టర్ మీద దాన్ని నడపలేం కదా.

సిలిండర్_బాబాయి:
అమ్మాయ్, కేకు సంగతి తర్వాత, ముందు ఆ భగ్గుమనడం సంగతి చూడు. నాబ్ తిప్పిన వెంటనే అంటుకోకపోతే ఆ కొద్ది సేపట్లో గ్యాస్ లోపల పోగవుతుంది, తర్వాత ఒక్కసారిగా అంటుకుంటుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, అడుగునే ఉండిపోతుంది, సహజవాయువులా పైకి పోదు. అందుకని ఎప్పుడూ ఓవెన్ తలుపు పూర్తిగా తెరిచే వెలిగించాలి, లైటర్ మంట ముందు సిద్ధంగా పెట్టుకుని అప్పుడు నాబ్ తిప్పాలి. నాలుగైదు సెకన్లలో అంటుకోలేదా, నాబ్ ఆపేసి, తలుపూ కిటికీలూ తెరిచి ఐదు నిమిషాలు ఆగు. వెంటవెంటనే మళ్లీ ప్రయత్నించొద్దు.

అంటుకున్నాక కూడా నాబ్‌ని పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోవాలి కొన్నిటికి. మంట పక్కన సన్నటి సెన్సార్ కడ్డీ ఒకటి ఉంటుంది, అది వేడెక్కితేనే గ్యాస్ దారి తెరిచి ఉంచుతుంది, మంట ఆరిపోతే అదే మూసేస్తుంది. నొక్కి పట్టినా చెయ్యి తీయగానే ఆరిపోతోందంటే ఆ కడ్డీ మసిపట్టిందో పాడయిందో, మెకానిక్‌కి చూపించు. దాన్ని తప్పించి కలిపేస్తానని ఎవడైనా అంటే మాత్రం ఒప్పుకోకు.

అడుగు రేకు తీసి ఒకసారి మంట చూడు. నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుగా ఊగుతుంటే గ్యాస్ సరిగా కాలట్లేదని, కార్బన్ మోనాక్సైడ్ వస్తుందని అర్థం, దానికి వాసన ఉండదు. బర్నర్ కన్నాలు శుభ్రం చేయిస్తే చాలావరకు సరిపోతుంది. ఓవెన్ నడిచినంతసేపూ కిటికీ తెరిచే ఉంచాలి, ఏసీ గాలి పోతుందని మూసేయకూడదు. గ్యాస్ ట్యూబ్ ఓవెన్ వెనక వేడి రేకుకి తగులుతోందేమో చూడు, ఆడపడుచు వాళ్ల పాత ట్యూబే అయితే దాని మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చెయ్. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయి.

మీ అత్తయ్యగారి రెండో భయానికి లెక్క: ఓవెన్ బర్నర్ రెండున్నర కిలోవాట్లనుకుంటే ఫుల్ మంట మీద గంటకి 200 గ్రాముల గ్యాస్. సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. వేడెక్కాక మంట తగ్గుతుంది కాబట్టి అంత కూడా పట్టదు. వారానికో కేకు చేస్తే సిలిండర్ ఏమీ అయిపోదు.

పటమట_వంటిల్లు:
చాలా థాంక్స్ అండీ, బాబాయి గారి లెక్క మా అత్తయ్యగారికి చదివి వినిపించాను, కాస్త తేలికపడ్డారు. థర్మామీటరు తెప్పించా, 4 మీద పెడితే 205 చూపిస్తోంది! ఇప్పుడు 3 కంటే కొంచెం తక్కువలో పెట్టి, మధ్య జాలీ మీద చేస్తే అడుగు మాడలేదు. పైన ఇంకా కాస్త రంగు రావాలి గానీ పర్లేదు. కోడి, గ్రిల్ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

కొత్తపేట_కోడికూర:
కోడి నేను చెప్తా. రోస్ట్‌కి నాటుకోడి వద్దు, అది ఉడకబెట్టి కూర చేసుకునేదే, ఓవెన్ పొడి వేడికి తోలులా అవుతుంది. కిలో, కిలో పావు ఉన్న బ్రాయిలర్ కోడి స్కిన్‌తో తీసుకోండి, షాపులో ముందే చెప్పకపోతే స్కిన్ ఒలిచేస్తారు. ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసం, గుంటూరు కారం కొంచెమే. పెరుగు, తేనె లాంటివి మొదట్లో రాయకండి, తొందరగా మాడతాయి, చివర్లో రాయొచ్చు. ముందురోజు రాత్రి ఉప్పు పట్టించి మూత లేకుండా ఫ్రిజ్‌లో పెడితే స్కిన్ ఆరుతుంది, గ్యాస్ ఓవెన్ తేమలో కూడా ఎర్రగా వస్తుంది. జాలీ మీద కోడి, కింద రసం పట్టడానికి ట్రే, ఆ ట్రేలో చిలగడదుంపలూ ఉల్లిపాయలూ వేసేయండి. 200లో ఇరవై నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి ఇంకో ముప్పావుగంట, గంట. తొడ లోపలి మందపాటి చోట, ఎముకకి తగలకుండా, మాంసానికి గుచ్చే థర్మామీటరు పెడితే 74 రావాలి. ఓవెన్‌కి తగిలించే థర్మామీటరు దీనికి పనికిరాదు, అది వేరు ఇది వేరు. కోసే ముందు పావుగంట ఆగండి, పిల్లలు ఆగరనుకోండి.

బ్రాడీపేట_బేకింగ్:
గ్రిల్ నేను అందుకుంటా. అది పైనుంచి నేరుగా కొట్టే మంట, గాలి వేడితో పని కాదు. పల్చటివే పెట్టాలి, పనీర్ ముక్కలు, చేప ఫిల్లెట్లు, చీజ్ వేసిన బ్రెడ్డు, మంటకి ఒక జానెడు లోపల. మందంగా ఉన్నవి పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. ఐదు నిమిషాలు ముందే వెలిగించి, పెట్టాక అక్కడి నుంచి కదలకండి, నిమిషంలో రంగు మారిపోతుంది. నాకైతే దీని అసలు ఉపయోగం వంకాయ పచ్చడికి. స్టవ్ మీద ఒక్కో వంకాయ తిప్పుతూ నిలబడే బదులు నాలుగు ఒకేసారి నూనె రాసి, గాట్లు పెట్టి గ్రిల్ కింద పెడతా, మధ్యలో ఒకసారి తిప్పుతా, తోలు నల్లగా అవుతుంది, స్టవ్ మీద చిందరవందర ఉండదు. గాట్లు మాత్రం తప్పనిసరి, లేకపోతే పేలుతుంది.

తలుపు సంగతి ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. చాలా గ్యాస్ రేంజ్‌లలో గ్రిల్‌కి తలుపు తీసే ఉంచాలి, అప్పుడు నాబ్‌లు కాలకుండా వాటి కింద ఒక రేకు పెట్టమంటారు. మీ మోడల్ నంబరు తలుపు అంచు మీద ఉంటుంది, దానితో వెతికితే మాన్యువల్ దొరుకుతుంది. చాలా వాటిలో గ్రిల్, కింది బర్నర్ రెండూ కలిపి వెలగవు, కాబట్టి కేకు పైన రంగు కోసం రెండూ ఒకేసారి అనే ఆలోచన వదిలేయండి.

పటమట_వంటిల్లు:
ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. మా అపార్ట్‌మెంట్‌కి పైపు గ్యాస్ వస్తుందంటున్నారు. ఈ ఓవెన్‌ని అలాగే దానికి తగిలించేయొచ్చా?

సిలిండర్_బాబాయి:
తగిలించకు. పైపులో వచ్చేది మీథేన్, ఒత్తిడీ వేరు, వేడీ వేరు. సిలిండర్‌కి ఉండే సన్నటి జెట్‌లతో (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే కన్నం ఉన్న బిళ్లలు) మంట మరీ చిన్నదై ఓవెన్ వేడెక్కదు. స్టవ్ బర్నర్లకి మార్చినట్టే ఓవెన్‌కీ గ్రిల్‌కీ కూడా జెట్‌లు మార్చాలి, కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు పైన నాలుగు మార్చి కింద రెండూ వదిలేసి పోతారేమో, పక్కనే ఉండి చూసుకో. మార్చాక ఆ థర్మామీటరు మళ్లీ పెట్టి కొత్తగా గుర్తులు వేసుకోవాలి, ఇప్పటి 3 అప్పుడు 3 కాదు.