కారు రిమోట్ తాళం బ్యాటరీ: డల్లాస్‌కు కొత్తగా వచ్చిన పుత్తూరు తమ్ముడికి మనవాళ్ల సలహాలు

పుత్తూరు – డల్లాస్ (ప్రశ్న)
అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం. ఈ మధ్యే పాత టయోటా కారు కొన్నాను. రిమోట్ మీట రెండు మూడుసార్లు నొక్కితే గానీ తలుపు తెరుచుకోవడం లేదు. తాళం బ్యాటరీ తగ్గిందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక కూడా వస్తోంది. షోరూముకే వెళ్లాలా? బ్యాటరీ తీస్తే తాళానికీ కారుకూ సంబంధం తెగిపోతుందని నాతో ఉంటున్న అబ్బాయి అంటున్నాడు.

పలమనేరు – డల్లాస్
తమ్ముడూ, బ్యాటరీ సంగతి తరువాత. ముందు నీ అపార్టుమెంటు పార్కింగ్ నిబంధనలు చదివావా? ఒక వానరాత్రి మా రిమోట్ పూర్తిగా ఆగిపోయింది. కారు సందర్శకుల స్థలంలో ఉంది. ఆఫీసుకు ఫోను చేసి, తెల్లవారగానే మా చోటికి మారుస్తామని చెబితే సరేనన్నారు. తెల్లవారేసరికి కారు లేదు, టో చేసుకుపోయారు, అంటే లారీకి తగిలించి లాక్కుపోయారు. ఆఫీసుకు వెళితే, ‘మీరు ఫోను చేసినట్టు ఎక్కడా రాసి లేదు’ అన్నారు. రాత్రి మాట్లాడినవారు పగలు సెలవట! చంటిపిల్లను ఎత్తుకుని ఊరి చివరి యార్డుకు వెళ్లి, రుసుము కట్టి, కారు ముందు నిలబడితే తలుపు తెరుచుకోదు. చివరికి అక్కడి పనివాడే రిమోట్‌లోంచి ఇనుప తాళంచెవి లాగి తలుపు తీసిపెట్టాడు. ఆఫీసువాళ్లు క్షమాపణ మాట కూడా అనలేదు. ఏ మాటైనా ఈమెయిలులో పెట్టు. అన్యాయంగా టో చేస్తే టెక్సాస్‌లో చిన్న వివాదాలు చూసే జస్టిస్ కోర్టులో విచారణ కోరవచ్చు. శని, ఆదివారాలు, సెలవులు పోగా 14 రోజుల్లోపు అడగాలి.

చంద్రగిరి – హ్యూస్టన్
అన్నా, అతను అడిగింది బ్యాటరీ గురించి. తమ్ముడూ, షోరూము అవసరమే లేదు. పక్కనున్న చిన్న మీట నొక్కి ఇనుప తాళంచెవి బయటికి లాగు. అది ఉన్న చోట సన్నని గాడి కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి అందులో పెట్టి మెల్లగా తిప్పితే రెండు చిప్పలూ విడిపోతాయి. మీటల కింది రబ్బరు పొర జారిపోకుండా చూసుకో. పాత బ్యాటరీ తీసేముందు ప్లస్ గుర్తు ఎటువైపు ఉందో ఫోనులో ఫొటో తీసుకో. దాని మీద ఉన్న అంకె చూసి అదే రకం కొను. ఒకే కంపెనీ కార్లలో కూడా ఏడాదిని బట్టి సైజు మారుతుంది. తాళం గుర్తింపు సమాచారం చిప్పులో ఉంటుంది, బ్యాటరీ తీస్తే చెరిగిపోదు. మీ వాడి మాట నమ్మకు.

పలమనేరు – డల్లాస్
బ్యాటరీ ఎవరైనా మారుస్తారు, టో లారీ వస్తే ఏం చేయాలో ఎవరు చెబుతారు? కారు ఇంకా ఆ స్థలం దాటకముందే నువ్వు వెళితే, డ్రాప్ రుసుము, అంటే కారును దించి వదిలేందుకు తీసుకునే సొమ్ము, కట్టించుకుని వదిలేయాలి. టెక్సాస్ నిబంధన అదే.

కాణిపాకం – మినియాపొలిస్
ఇక్కడి చలికి బ్యాటరీ వోల్టేజి పడిపోయి, బలహీనంగా ఉన్నది ముందే చేతులెత్తేస్తుంది. నా తాళంలో వేసే 2032 రకం బ్యాటరీ దొరకకపోతే 2025 రకం వేసి, మధ్యలో మడిచిన రేకు ముక్క పెట్టి నెట్టుకొచ్చాను. ఇబ్బందేమీ లేదు.

చంద్రగిరి – హ్యూస్టన్
కొత్తవాడికి అలాంటివి నేర్పకండి అన్నా! 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. 2025 మందం 2.5. రెండూ 3 వోల్టులే అయినా, సన్నది వదులై కదులుతుంది. ఆ రేకు జరిగితే షార్ట్ అవుతుంది. మందుల దుకాణంలో కూడా దొరికే వస్తువుకు ఈ పాట్లు ఎందుకు?

తిరుపతి (అమెరికా నుంచి తిరిగి వచ్చినవారు)
మా నాన్నగారికి ఇలాగే అలిపిరి తనిఖీ దగ్గర ఎదురైంది. అందరూ దిగి, సామాన్లు స్కానింగ్ చేయించుకుని వచ్చేసరికి కారు స్టార్ట్ కాలేదు. వెనుక బండ్లవాళ్లు ఒకటే హారన్లు. నాన్నగారు బ్రేకు తొక్కి, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి, శబ్దం రాగానే నొక్కారు, కారు కదిలింది. టయోటాలలో అంతే. కంపెనీ గుర్తు ఉన్న వైపు ఆనించాలి. లోపలి చిప్పుకు బ్యాటరీ అక్కరలేదు, కారే దానికి శక్తినిస్తుంది. కొండ దిగాక గాంధీ రోడ్డులో గడియారాలు బాగుచేసే ఆయన టీ చల్లారేలోగా కొత్తది వేసి ఇచ్చారు. తమ్ముడూ, బ్యాటరీ బాగున్నప్పుడే ఒకసారి ఇనుప తాళంచెవితో తలుపు తెరిచి చూసుకో. కొన్ని కార్లలో తాళం రంధ్రం పిడి దగ్గర మూత కింద దాగి ఉంటుంది.

మదనపల్లె – ఆస్టిన్
పిల్లలున్న ఇళ్లవారికి నాదొక మాట. తీసిన పాత బ్యాటరీని టేబుల్ మీద వదలకండి. పసివాళ్లు మింగితే గొంతులో ఇరుక్కుని 2 గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది. అనుమానం వచ్చినా సరే, నేరుగా ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. ఇక్కడ 2022లో ఇందుకోసమే రీస్ చట్టం తెచ్చారు. పాతదానికి రెండువైపులా టేపు అంటించి, రీసైక్లింగ్ పెట్టెలో వేసేదాకా పైన దాచండి.

కాణిపాకం – మినియాపొలిస్
మంచి మాట చెప్పావు చెల్లెమ్మా. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్నింటికి చేదు పూత వేస్తారు. ఆ పూత వల్ల కొన్ని పరికరాల్లో బ్యాటరీ సరిగా ఆనదు. కొత్తది వేసినా తాళం పలకకపోతే స్పిరిట్‌తో తుడిస్తే సరి.

మదనపల్లె – ఆస్టిన్
తుడవకండి అన్నయ్యా. పూత లేనిది ఇంకొకటి కొని తాళంలో వేసి మూసేయండి, చేదుది టీవీ పక్కన ఉండే చిన్న రిమోట్‌కు వాడండి. అదే కదా రోజూ పిల్లల చేతిలో ఉండేది.