అప్‌డేట్: పాప స్కూల్ ఫారంలో చివరికి ఏం టిక్ పెట్టామంటే

పోయిన నెల అడిగాను కదా, మా ఆయన నల్లజాతి అమెరికన్, నాది గుంటూరు, పాపకి స్కూల్ ఫారంలో జాతి దగ్గర ఏం పెట్టాలని. "ఏషియన్ అని పెట్టేయ్, గొడవుండదు" అన్నవాళ్లే ఎక్కువ.

రెండూ టిక్ పెట్టాం. 2000 నాటి జనాభా లెక్కల నుంచే అమెరికాలో ఒకటికంటే ఎక్కువ జాతులు ఎంచుకోవచ్చట, నాకు తెలియనే తెలియదు. మీ సలహాలు ఆయనకి చదివి వినిపిస్తే నవ్వలేదు. "రేపు దారిలో ఆపిన పోలీసు ఫారం చూడడు, మొహం చూస్తాడు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అత్తగారు ఈ వర్జీనియాలోనే పుట్టారు. 1967లో లవింగ్ అనే ఇంటిపేరున్న దంపతుల (ఆయన తెల్లవాడు, ఆవిడ నల్లజాతి) కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఇక్కడ తెల్లవాళ్లు వేరే జాతివాళ్లని పెళ్లాడితే నేరం. అప్పటికి ఆవిడకి పదేళ్లు. ఆదివారాలు పాపకి సన్నజడలు అల్లుతూ ఆ సంగతులు చెబుతుంటారు. (ఆ జుట్టు చిక్కు తీయడం నాకింకా రాలేదు. కొబ్బరినూనె దగ్గర మాత్రం ఇద్దరికీ కుదిరింది.)

మా అమ్మ ఫోన్లో "పిల్లని ఎండలో తిప్పకే, ఇంకా నల్లబడుతుంది" అనడం మానలేదు. మొన్న మొదటిసారి "అలా అనకమ్మా" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న తనే వీడియో కాల్ చేసి, జడలు చూపించమంది.