కాలేజీ ఇంక్యుబేటర్‌కి మన కంపెనీలో వాటా ఎందుకివ్వాలి?

టమాటా_డ్రైయర్: మాది మదనపల్లె వైపు. ఫైనలియర్‌లో ఉండగా ఫ్రెండ్స్‌తో కలిసి టమాటా ఎండబెట్టే సోలార్ డ్రైయర్ చేశాం. గది ఇస్తాం, కంపెనీలో 5 శాతం వాటా రాసివ్వండి అన్నారు కాలేజీ ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే సెంటర్) వాళ్లు. ఆ గదిలో ఉన్నవి కుర్చీలు, ఒక వైట్ బోర్డు, ప్లాస్టిక్ కవరు కప్పిన త్రీడీ ప్రింటర్. తాళం హెచ్‌ఓడీ దగ్గర. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ టీమ్ వచ్చిన రోజు మాత్రం కవరు తీసి, వాళ్ల ముందు ఒక కీచైన్ ప్రింట్ చేయించారు. దీనికి వాటానా?

రిటైర్డ్_మాస్టారు: బాబూ, 2019లో కేంద్రం విద్యాసంస్థల కోసం తెచ్చిన స్టార్టప్ పాలసీ చదివావా? ఇచ్చే సౌకర్యాలకు బదులుగా 2 నుంచి 9.5 శాతం దాకా తీసుకోవచ్చని అందులోనే ఉంది. నిన్ను అడిగింది 5. ఎక్కువేం కాదు.

టమాటా_డ్రైయర్: ఎంత అని కాదు సర్, దేనికి అని అడుగుతున్నా. రేకు వంచడానికి కూడా మేం బయట వెల్డింగ్ షాపుకే పోయాం.

విజ్జీ: మా కాలేజీలో గది కూడా లేదు. ఇంక్యుబేటర్ అని బయట బోర్డు మాత్రం ఉంది 😄

గచ్చిబౌలి_రవి: వాటా గొడవ వదిలెయ్ తమ్ముడూ, సీడ్ ఫండ్ (మొదట్లో ఇచ్చే డబ్బు) చూసుకో. 2021లో 945 కోట్లతో పెట్టిన స్టార్టప్ ఇండియా స్కీములో ప్రోటోటైప్ (నమూనా) లాంటి వాటికి 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు, ఇప్పటికీ ఇస్తున్నారో లేదో కనుక్కో. ఆ డబ్బు ఎంపికైన ఇంక్యుబేటర్ల ద్వారానే వస్తుంది. మీ కాలేజీ ఆ లిస్టులో లేకపోతే హైదరాబాద్ వచ్చెయ్. ఇక్కడి పెద్ద స్టార్టప్ ఇంక్యుబేటర్ టీ-హబ్ కూడా 2015లో ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లోనే మొదలైంది. మెంటార్లు, ఇన్వెస్టర్లు అందరూ ఇక్కడే.

టమాటా_డ్రైయర్: గచ్చిబౌలిలో టమాటా పండుతుందా అన్నా?

రిటైర్డ్_మాస్టారు: మళ్లీ చెబుతున్నా, 9.5 దాటనంత వరకు తప్పు లేదు.

విజ్జీ: మాస్టారూ, ఆ తొమ్మిదిన్నర వదలరా!

రిటైర్డ్_మాస్టారు: వదలను. వెటకారం చేయడం తేలికమ్మా. నేనూ ఒక కాలేజీలో ఇంక్యుబేషన్ కోఆర్డినేటర్‌గా చేశాను. క్లాసులన్నీ చెప్పుకుని, ఆ పైన ఈ పని. పైసా అదనంగా లేదు. స్టార్టప్ పెట్టిన పిల్లలు రాత్రి పదింటికి ఫోన్ చేసినా ఎత్తి, అప్లికేషన్లు దిద్ది పెట్టాను. డబ్బు పడగానే వాళ్లు బెంగళూరు చెక్కేశారు. తర్వాత ఫోన్ ఎత్తిన పాపాన పోలేదు. ఇక జిల్లాకు మిగిలిందేమిటి? కనీసం వాటా అయినా ఉండాలి కదా!

టమాటా_డ్రైయర్: అంటే అది గది అద్దె కాదన్నమాట. ఊరు వదిలిపోతామని ముందే వేసే జరిమానా!

రిటైర్డ్_మాస్టారు: అలాగే అనుకో. మనూరి కాలేజీ, మనూరి వాళ్ల ఫీజులు. పండేది ఇక్కడ, తినేది ఇంకెక్కడో.

గచ్చిబౌలి_రవి: పోతే తప్పేంటండీ? ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్ ఐఐటీ మద్రాస్‌లో పెరిగింది. ఆఫీసు బెంగళూరు, ఫ్యాక్టరీ హోసూరు. ఎవరు నష్టపోయారు?

రిటైర్డ్_మాస్టారు: హోసూరు తమిళనాడే కదయ్యా! ఐఐటీ ఉన్న రాష్ట్రానికే ఫ్యాక్టరీ మిగిలింది. నా మాటే నువ్వూ అంటున్నావు.

టమాటా_డ్రైయర్: హోసూరుకు వాటా అడిగితే వచ్చిందా సర్? టీవీఎస్, అశోక్ లేలాండ్ ఎప్పటినుంచో అక్కడున్నాయి. వాటి చుట్టూ పార్టులు చేసేవాళ్లు, పని తెలిసినవాళ్లు ఉన్నారు. బండి తయారుచేసేవాడు వాళ్లను వెతుక్కుంటూ వస్తాడు. మా డ్రైయర్‌కు కావలసిన టమాటా, ఎండ మా దగ్గరే ఉన్నాయి. లేనిది వర్క్‌షాపు. నాలుగు దాటితే మెకానికల్ ల్యాబ్‌లో లేత్ (లోహాన్ని చెక్కే మిషను) ఖాళీగానే ఉంటుంది, కానీ పాసవుట్లను గేటులోకే రానివ్వరు. ఆ లేత్ వాడుకోనిస్తే ఇక్కడే ఉంటాం. 5 కాదు, మీ 9.5 రాసిస్తా.

కొండపల్లి_బాబు: తిరుపతిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ సెంటర్ ఉంది, అక్కడ అడిగి చూడు బ్రో.

రిటైర్డ్_మాస్టారు: లేత్ అంటే ప్రిన్సిపాల్ పర్మిషన్ కావాలి. చెయ్యి తెగితే ఎవరిది బాధ్యత? ముందు ఒక లెటర్ పెట్టు, హెచ్‌ఓడీ ద్వారా.

టమాటా_డ్రైయర్: తాళం దగ్గర పెట్టుకున్న ఆయన ద్వారానేనా సర్?